కురుక్షేత్రము హృదయముననా, నేలపైననా?

మతగ్రంథములను చదువు రీతులు రెండు గలవు. కథను జరిగిన చరిత్రముగా గ్రహించుట యొకటి. చదువరి చిత్తమందలి యవస్థలకు దానిని రూపకముగా గ్రహించుట రెండవది. ఈ రెండవది యీనాటి విద్యావంతుల కల్పన యని కొందఱు తలంతురు. అది సరికాదు. కఠోపనిషత్తు తానే శరీరమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును కళ్లెముగను, బుద్ధిని సారథిగను వర్ణించినది. గీత పదుమూడవ యధ్యాయమున ఈ దేహమే క్షేత్రమని చెప్పబడినది.

ఇది హిందువుల సొత్తు మాత్రమే కాదు. హైదరాబాదున తార్నాక చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమే యిందుకు సాక్ష్యము. ఆ ప్రాంగణమున నెలకొన్న దాయిరతుల్ మారిఫ్ 1888లో స్థాపింపబడినది. అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించి ముద్రించుట దాని వ్రతము. ప్రవక్తల కథలయందు ఆత్మజ్ఞాన రహస్యములను దర్శించిన ఇబ్నె అరబీ లఘుగ్రంథములను ఆ సంస్థ 1948లో వెలువరించినది. అచ్చటనే తత్త్వశాస్త్రాచార్యులైన మీర్ వలీయుద్దీన్‌గారు సూఫీల యంతరంగసాధనకు ఖురానే మూలమని 1959లో ఒక గ్రంథమున ప్రతిపాదించిరి. సంస్కృత అకాడమీయు 1954లో ఆ విశ్వవిద్యాలయముననే వెలసినది. భాషలు వేఱు, వెదకులాట యొకటే.

అయితే అంతరార్థమునకు హద్దు లేదా? ఈ ప్రశ్నపై మన దేశనాయకులే భిన్నాభిప్రాయులైరి. 1915లో ప్రకటితమైన గీతారహస్యమున తిలకు మహాశయుడు గీతను కర్మయోగశాస్త్రముగా వ్యాఖ్యానించెను. కురుక్షేత్రము మానవహృదయమున నిత్యము జరుగు పోరాటమని గాంధీమహాత్ముడు నమ్మెను. గీతోపదేశము ఆచరణలోని ఘోరసంకటమునుండి పుట్టినదనియు, భారతము పలుకుతీరు కేవల రూపకమునకు చోటీయదనియు అరవిందుడు వాదించెను.

అరవిందుని యాక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. అన్నియు మనసులోనివే యన్నచో బయటి యన్యాయమును చూడనవసరము లేదను సోమరితనము ప్రబలును. గజేంద్రమోక్షమున మొసలి యనగా లోభమని పురాణికుడు చెప్పగా తలయూచిన భూస్వామి, మరునాడు కౌలుదారుని ధాన్యము కొలుచునపుడు ఆ మొసలిని మఱచినచో, ఆ వ్యాఖ్యానమువలన నెవ్వరికేమి లాభము? లోపలి మొసలి వదలినదనుటకు బయటి కొలపాత్రమే సాక్షి.

మహాత్ముని జీవితమే యీ సందేహమునకు సమాధానము. ఆయన గీతానువాదమైన అనాసక్తియోగము 1930 మార్చి 12వ తేదీన వెలువడెను. ఉప్పుసత్యాగ్రహమునకై దండికి పయనమైనదియు నా దినముననే. యుద్ధము హృదయముననే యున్నదన్న మహనీయుడు గదిలో కన్నులు మూసికొని కూర్చుండలేదు. కఱ్ఱ చేబూని సముద్రమువఱకు నడచెను. ఆ నడకయే ఆయన వ్యాఖ్యానమునకు భాష్యము.

కావున చదువరులారా, అంతరార్థమును వెదకుడు. అది పూర్వులు చూపిన త్రోవయే. కాని దాని విలువను పాండిత్యముతో కొలువకుడు. గ్రంథము మూసిన పిమ్మట మన నడవడి మాఱినదా లేదా యన్నదియే కొలత.