చిలీ రాగి వెనుక సముద్రపు నీరు

చిలీలో భూమి కంపించిందన్న వార్త రాగానే లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో రాగి తేజీ కనబరచడం వర్తకులకు కొత్త కాదు. 2010 ఫిబ్రవరి 27, శనివారం నాడు మధ్య చిలీలో 8.8 తీవ్రతతో భూకంపం రాగా, సోమవారం బజారు తెరుస్తూనే ధర ఎగిరింది. ప్రపంచపు గని ఉత్పత్తిలో సుమారు నాల్గవ వంతు రాగి ఆ ఒక్క దేశానిదే కావడంతో కొనుగోలుదారులు కంగారు పడడం సహజమే. అయితే అంత రాగీ, అన్ని భూకంపాలూ ఒకే చోట చేరడం కాకతాళీయం కాదు. రెండింటిలోనూ రాతిలో బందీ అయి భూగర్భంలోకి దిగే సముద్రపు నీటికి పాత్ర ఉన్నది.

చిలీ తీరానికి పడమట, పసిఫిక్ అడుగున ఉన్న నాజ్కా పలక ఏటా సుమారు 7 సెంటీమీటర్ల చొప్పున దక్షిణ అమెరికా ఖండం కిందికి దూరిపోతున్నది. ఇటువంటి చోటును శాస్త్రజ్ఞులు సబ్‌డక్షన్ జోన్ అంటారు. కోట్ల సంవత్సరాలు సముద్రం కింద నానిన పలక పొడిగా దిగదు. రాతి సందుల్లోని నీరు, బురద పొరల్లోని నీరు తక్కువ లోతులోనే చాలా వరకు పిండినట్టు బయటికి వచ్చేస్తుంది. అది బస్తాలోని తేమ వంటిది. లెక్కకు వచ్చే నీరు వేరు. క్లోరైట్, ఆంఫిబోల్, సర్పెంటైన్ అనే ఖనిజాలు నీటిని తమ కట్టడంలోనే కలిపేసుకుంటాయి. చేతికి తగిలేది పొడి రాయే. సర్పెంటైన్ బరువులో మాత్రం నూటికి 13 వంతుల దాకా నీరే. మైలుతుత్తాన్ని వేడి చేస్తే నీలిరంగు పోయి తెల్లబడడం చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. ఆ పలుకుల్లో ఉన్న నీరు వేడికి విడిపోవడమే అందుకు కారణం.

పలక సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరే సరికి ఈ ఖనిజాలు కూడా వేడికీ, ఒత్తిడికీ ఒక్కొక్కటిగా విచ్ఛిన్నమై నీటిని వదులుతాయి. పైనున్న వేడి రాతికి ఆ నీరు తగిలితే అది కరిగే ఉష్ణోగ్రత వందల డిగ్రీలు తగ్గుతుంది. కంసాలి మూసలో వెలిగారం చేసే పని వంటిదే ఇది. కరిగిన శిలాద్రవం నీటినీ, గంధకాన్నీ, క్లోరిన్‌నూ వెంటబెట్టుకుని పైకి లేస్తుంది. భూమికి కొద్ది కిలోమీటర్ల దిగువన అది చల్లారేటప్పుడు, మూత తీసిన సోడాలో గ్యాసు పొంగినట్టు, నీరు విడిపోతుంది. మరిగే ఆ ఉప్పునీరు రాగిని తనలో కరిగించుకుని రాతి పగుళ్లలోకి చొచ్చుకుపోయి, చల్లబడిన చోట వదిలేస్తుంది. పార్ఫిరీ నిక్షేపాలనేవి ఇవే. ప్రపంచానికి అందే రాగిలో సుమారు నాలుగింట మూడు వంతులు ఈ కోవకు చెందినదే. ఎస్కొండిడా, చుకికమాటా గనుల ఖనిజం మూడు, నాలుగు కోట్ల సంవత్సరాల నాడు ఇలా చేరినదే.

అయితే ఇది పల్చగా చల్లిన సరుకు. నూటికి 0.6 వంతుల రాగి ఉన్న ఖనిజాన్ని టన్ను తవ్వినా, తరుగు పోకముందే దక్కేది 6 కిలోలు. పార్ఫిరీ గనులు భారీవి కావడం ఇందుకే.

ఇక భూకంపాల విషయం. పలకల ఒరిపిడే వాటికి మూలం. కాగా ఖనిజాల నుంచి విడుదలైన నీరు ఒత్తిడి పెంచి పట్టును సడలిస్తుందని, లోతున వచ్చే కొన్ని ప్రకంపనలకు ఈ నీటి విడుదలే దారి తీస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

కాబట్టి తీవ్రత అంకె ఒక్కటే చూసి సట్టాకు దిగడం తెలివైన పని కాదు. 2010లో ఉత్తర చిలీలోని పెద్ద గనులు భూకంప కేంద్రానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నాయి. మధ్య చిలీలో ఆగినవి సైతం ప్రధానంగా కరెంటు పోయి ఆగి, కొద్ది రోజుల్లోనే తిరిగి పని ప్రారంభించాయి. దీనికి భిన్నంగా 2025 జూలై 31న ఎల్ టెనియెంటే గనిలో సంభవించిన ప్రకంపన తీవ్రత 4.2 మాత్రమే. కానీ సొరంగం కూలి ఆరుగురు కార్మికులు మరణించారు, భూగర్భ పనులు నిలిచాయి. ఎక్కడ వచ్చింది, కరెంటు ఉన్నదా, రేవు పని చేస్తున్నదా అన్న మూడు కబుర్లూ అందాకనే బేరం పెట్టుకోవడం మేలు.

కాంగో, జాంబియాల రాగి పుట్టుక వేరు. అది పాత అవక్షేప శిలల్లో చేరినది. మన గుంటూరు ప్రాంతపు అగ్నిగుండాల రాగి కూడా పార్ఫిరీ కాదు. మన దేశపు కరిగింపు కర్మాగారాలు మాత్రం చాలా వరకు దిగుమతి కాన్సంట్రేటు మీదనే ఆధారపడి ఉన్నందున చిలీ, పెరూ కబుర్లను పెడచెవిన పెట్టడానికి వీలులేదు.

ఇదిలా ఉండగా, నీరు పెట్టిన రాగిని తీయడానికి నేడు ఎస్కొండిడాలో నీరే కరువు. అటకామా ఎడారిలోని ఆ గనికి సముద్రపు నీటిని ఉప్పు తీసి, సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కిస్తున్నారు. ఆ ఖర్చు కూడా టన్ను రాగి ఉత్పత్తి వ్యయంలో కలిసే ఉంటుంది.