కాన్పుతో షుగరు పోయినట్టేనా?

"కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన షుగరే కదా, కాన్పయితే అదే పోతుందిలే!" ఈ మాట వినని వాళ్లు మనలో తక్కువే. అమ్మ అంటుంది, అత్తగారంటుంది, హడావుడిలో ఉన్న నర్సమ్మ కూడా అంటుంది. పూర్తిగా అబద్ధమేం కాదు. ఆ నెలల్లో మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయనివ్వవు. బిడ్డతోపాటు మాయ కూడా బయటికొచ్చాక చాలామందికి షుగరు మామూలుకి దిగుతుంది. అమ్మయ్య అనుకుంటాం. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ అడగరు.

అడిగిన డాక్టర్లున్నారు. ఇండియా, బంగ్లాదేశ్, శ్రీలంకల్లోని 19 పట్టణ ఆస్పత్రుల్లో 'లివింగ్' అనే పేరుతో ఓ పెద్ద అధ్యయనం జరిగింది. 2017 చివరి నుంచి 2020 జనవరి దాకా 1601 మందిని చేర్చుకున్నారు. అందరూ ఆడవాళ్లే. సగటు వయసు 31 లోపు. అందరికీ గర్భంతో ఉండగా షుగరు వచ్చింది. కాన్పయిన కొన్ని నెలలకు పరీక్ష చేసి, అప్పటికి మధుమేహం లేని వాళ్లనే తీసుకున్నారు. చీటీలు తీసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఏం తినాలో, ఎంత నడవాలో సమావేశాలు పెట్టి చెప్పారు, ఫోన్లు చేశారు, మెసేజీలు పంపారు. రెండో జట్టుకి మామూలుగా అందే వైద్యమే.

2022లో ఫలితాలొచ్చాయి. సుమారు 14 నెలలు గమనిస్తే సలహాలు అందిన జట్టులో 25.5 శాతం మందికి, అందని జట్టులో 27.1 శాతం మందికి షుగరు ముందుకన్నా పెరిగింది. మామూలుగా ఉన్నవాళ్లు సరిహద్దుకొచ్చారు, సరిహద్దులో ఉన్నవాళ్లు కొందరు దాన్ని దాటేశారు. రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఆ సలహాలు, ఫోన్లు అనుకున్నంత పనిచేయలేదన్నమాట!

మధ్యలో కరోనా వచ్చి పడిందన్నది నిజమే. కానీ నాకు మాత్రం మన బాలింతల రోజు ఎలా గడుస్తుందో తెలియనిది కాదనిపించింది. రాత్రంతా పాలిస్తూ కూర్చున్న మనిషికి పొద్దున్నే ఫోన్లో "అరగంట నడవండి" అని వస్తే ఎలా ఉంటుంది? నడవాలంటే బిడ్డనెవరు ఎత్తుకుంటారు? బాలింత గడప దాటకూడదనే పెద్దవాళ్లు ఒకవైపు, పాలు పడాలని నెయ్యి, బెల్లం దండిగా వేసి కాయం తినిపించేవాళ్లు మరోవైపు. వాళ్లందరిదీ ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమకి షుగరు రిపోర్టు చూసే అలవాటు లేదు.

మా చెల్లి సంగతే తీసుకోండి. రెండో కాన్పుకి ఆరో నెలలో షుగరు బయటపడింది. వేలు గుచ్చుకుని పరీక్షలు, ఇన్సులిన్, అన్నీ బుద్ధిగా చేసింది. కాన్పయ్యాక డిశ్చార్జి రోజు బిడ్డకి ఎప్పుడెప్పుడు టీకాలేయించాలో కార్డు రాసిచ్చారు. తల్లి మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలో ఎవరూ చెప్పలేదు. బిడ్డ టీకా కార్డు దేవుడి గూట్లో భద్రంగా ఉంది. తల్లి ఫైలు అటకెక్కింది.

పైగా చెల్లి సన్నగా ఉంటుంది. "నీకు షుగరేమిటే, రివటలా ఉంటేనూ!" అన్నారందరూ. ఇక్కడో చిన్న ముచ్చట. పుణె కె.ఇ.ఎం. ఆస్పత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో 2004లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. ఎత్తుకి తగ్గ బరువు లెక్క ఇద్దరికీ సమానమే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం! మనవాళ్లు చూడ్డానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు దాచుకుంటారని చెప్పడానికి అంతకన్నా మంచి బొమ్మ లేదు. కాబట్టి అద్దం చూసుకుని ధీమాగా ఉండొద్దు.

అసలీ భయం ఎంత? గర్భంతో షుగరు వచ్చినవాళ్లకి తర్వాతి కాలంలో మధుమేహం వచ్చే ముప్పు, రానివాళ్లకన్నా దాదాపు 10 రెట్లు ఎక్కువని 2020లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' ప్రచురించిన సమీక్ష తేల్చింది. అందరికీ వచ్చి తీరుతుందని కాదు, చూసుకుంటూ ఉండాలని.

ఎవరైనా వెంటపడి చూసుకుంటే ఏమవుతుందో కూడా మన దగ్గరే తెలిసింది. ఇది గర్భిణుల సంగతి కాదు, అప్పటికే మధుమేహం ఉన్న స్త్రీ పురుషుల సంగతి. ఇండియా, పాకిస్తాన్లలోని 10 ఆస్పత్రి క్లినిక్కుల్లో 1146 మందితో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. సగం మందికి ఓ సహాయకుణ్ణి పెట్టారు. పరీక్ష చేయించుకున్నారా, మందులేసుకుంటున్నారా అని కనుక్కోవడమే వాళ్ల పని. డాక్టరుకి రోగి వివరాలు చూసి సూచనలిచ్చే కంప్యూటర్ సాయం కూడా ఉంది. షుగరుతోపాటు బీపీ గానీ కొలెస్ట్రాల్ గానీ అదుపులోకి తెచ్చుకున్నవాళ్లు ఆ జట్టులో 18.2 శాతం, మామూలు జట్టులో 8.1 శాతం. రెండు రెట్లకు పైనే! ఊరికే చెప్పడం వేరు, పట్టుకుని చేయించడం వేరు.

మనకి అలాంటి సహాయకులెక్కడ దొరుకుతారు అంటారా? ఇంట్లో ఉన్నవాళ్లనే ఆ పనికి పెట్టుకోవాలి. కాన్పయిన ఆరు వారాలకి తల్లికి పరీక్ష చేయాలని మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. బిడ్డకి టీకా వేయించాల్సిందీ ఆరో వారంలోనే! ఎలాగూ ఆస్పత్రికి వెళ్తాం కదా, ముందే అడిగి పెట్టుకుంటే ఒకే ప్రయాణంలో రెండు పనులూ అవుతాయి. పరగడుపున రక్తం తీస్తారు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగమంటారు. రెండు గంటలకి మళ్లీ తీస్తారు. ఈ రెండోది 140 లోపుంటే మామూలు, 200 ఆపైన అయితే మధుమేహం, మధ్యలో ఉంటే సరిహద్దు. పరగడుపు లెక్క వేరే ఉంటుంది, అది డాక్టరు చూస్తారు. మామూలుగా ఉందని తేలినా ఏడాదికోసారి చేయించుకోవాలి. మళ్లీ బిడ్డ కావాలనుకుంటే ముందుగానే ఓసారి చూసుకోవాలి.

చెల్లి ఫైలు అటక మీంచి దించాం. ఆరో వారం దాటిపోవడంతో పదో వారం టీకా రోజున పరీక్ష పెట్టుకున్నాం. రెండు గంటలు బిడ్డని ఎత్తుకుని తిరగడానికి మా మరిది ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టాడు.