500 పంపితే 62,465 అందిందట!
కంప్యూటర్ల మధ్య గుడ్డు తగవు

సంతలో బేరాలు చేసేవారికి ఇది తెలిసిందే. మనం ‘ఇరవై మూడు’ అంటాం. ఇరవై ముందు, మూడు వెనుక. హిందీ వ్యాపారి ‘తేయీస్’ అంటాడు. అందులో మూడు ముందు, ఇరవై వెనుక. సరిగ్గా ఇటువంటి పేచీయే కంప్యూటర్లకూ వచ్చింది.

కంప్యూటరు అంకెలను గళ్లలో దాస్తుంది. ఒక్కో గడిని బైటు అంటారు. అందులో 255 వరకే పడుతుంది. అంతకు మించితే రెండో గడి కావాలి. 500 ఉందనుకోండి. అందులో 256 ఒకసారి పోగా మిగిలేది 244. అంటే ఒక గడిలో 1, మరో గడిలో 244. వీటిలో ఏది ముందు? ఐబీఎం వారి పెద్ద యంత్రాలు పెద్ద భాగాన్ని ముందు పెట్టాయి. డెక్ కంపెనీ వ్యాక్స్ యంత్రాలు, ఇంటెల్ చిప్పులు చిన్న భాగాన్ని ముందు పెట్టాయి. ఒకరు పంపిన దాన్ని మరొకరు తమ అలవాటు చొప్పున చదివితే 500 కాస్తా 62,465 అవుతుంది. నాలుగు గళ్లలో రాసిన 1 అయితే ఏకంగా 1,67,77,216! అది డబ్బు లెక్క అయితే ఇంకేమన్నా ఉందా?

అమెరికాలో డానీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు 1980 ఏప్రిల్ 1న దీనిపై ఒక వ్యాసం రాశారు. 1726 నాటి గలివర్ కథలో గుడ్డును పెద్ద కొస వైపు పగలగొట్టాలా, చిన్న కొస వైపా అని రెండు రాజ్యాలు యుద్ధానికి దిగుతాయి. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే అదే కాబోలు. ఆ కథలోంచే కోహెన్ ఈ రెండు పక్షాలకు ‘బిగ్ ఎండియన్’, ‘లిటిల్ ఎండియన్’ అని పేర్లు పెట్టారు. ఏదైనా ఒకటే, ముందు అందరూ ఒక మాట మీదకు రండి అన్నది ఆయన వాదన.

1981లో ఇంటర్నెట్ నిబంధన అలాగే వచ్చింది. ఎవరి ఇంట్లో వారి పద్ధతి ఉండవచ్చు, తీగ మీదకు వచ్చాక మాత్రం పెద్ద గడే ముందు నడవాలి. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారు యునిక్స్ యంత్రాల ప్రోగ్రాములు మాట్లాడుకునేందుకు ‘సాకెట్’ అనే ఏర్పాటు తెచ్చారు. గళ్లను తిరగవేసే చిన్న సాధనం కూడా దాంతో వచ్చింది. 1990 దశకంలో విండోస్ కూడా ఇదే తరహా ఏర్పాటు చేసుకుంది.

అయితే ఈ నిబంధన కవరు మీది చిరునామా వరకే. లోపలి ఉత్తరం సంగతి ప్రోగ్రాములే తేల్చుకోవాలి. 2016లో వచ్చిన యూపీఐలో ఆ గొడవే పెట్టుకోలేదు. బ్యాంకుల మధ్య తిరిగే సందేశంలో సొమ్మును గళ్ల లెక్కగా కాక, కాగితం మీద రాసినట్టు ‘500.00’ అని అక్షరాల్లోనే పంపుతారు. మన చేతిలోది ఆండ్రాయిడ్ అయినా, ఐఫోన్ అయినా కిళ్లీ కొట్టువాడికి ఆ 500 అలాగే చేరుతుంది.