వేలు తగలని ఫోకస్

బొమ్మను 200 రెట్లు పెంచే టెలిస్కోప్ చేతి వణుకునూ అంతే పెంచుతుంది. శని వలయాలు స్పష్టంగా కనబడాలని ఫోకస్ నాబ్ మీద వేలు వేస్తే చాలు, శని గంతులేస్తుంది. వేలు తీసి, ఊగుడు ఆగేదాకా ఓపిక పడితే గాని ఫోకస్ కుదిరిందో లేదో తెలియదు. ఈ చిక్కు తీర్చడానికే ఫోకస్ సర్దే భాగానికి, అంటే ఫోకసర్‌కు, మోటారు బిగించారు.

అంతకుముందు, గొట్టంలో గొట్టాన్ని చేత్తో జరిపి ఫోకస్ కుదుర్చుకునే రోజుల తర్వాత పళ్ల పట్టీ, పళ్ల చక్రం వచ్చాయి. పళ్ల మధ్య ఎంతో కొంత ఖాళీ ఉంటుంది. నాబ్‌ను వెనక్కి తిప్పినప్పుడు ఆ ఖాళీ నిండేదాకా గొట్టం కదలదు. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లోని క్రేఫర్డ్ ఖగోళ సంఘ సభ్యుడు జాన్ వాల్ అసలు పళ్లే లేని ఫోకసర్ చేశాడు. అందులో గొట్టం బేరింగుల మీద ఆని ఉంటుంది, ఒక కడ్డీ రాపిడితో దాన్ని నడుపుతుంది.

కంటితో చూసేవారికి ఇది చాలు. చిన్నచిన్న తేడాలను కన్నే సర్దుకుంటుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఎఫ్/5 టెలిస్కోప్‌లో (ఫోకస్ దూరం అద్దం వెడల్పుకు ఐదు రెట్లున్నది) చుక్క పదునుగా నిలిచే మేర సుమారు 65 మైక్రాన్లు, అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. మీటరు పొడవున్న టెలిస్కోప్ అల్యూమినియం గొట్టమేమో ఒక్క డిగ్రీ చల్లబడితే 23 మైక్రాన్లు కుంచించుకుపోతుంది. సాయంత్రం కుదిర్చిన ఫోకస్, రాత్రి ఐదు డిగ్రీలు తగ్గేసరికి చెదిరిపోతుంది.

రెండు బటన్ల మామూలు మోటారు వేలు పని తప్పించింది గాని, ఫోకసర్ గొట్టం ఎక్కడుందో చెప్పలేకపోయింది. ఆ లోటు స్టెప్పర్ మోటారు తీర్చింది. సాధారణంగా వాడే రకం ఒక చుట్టును 200 అడుగులుగా వేస్తుంది. గేర్లు తగిలిస్తే అడుగు ఇంకా చిన్నదవుతుంది. దాంతో ఫోకస్‌కు ఒక అంకె వచ్చింది. అంకె వచ్చాక కంప్యూటర్ రంగంలోకి దిగింది.

కంప్యూటర్ ఒక నక్షత్రాన్ని ఫొటో తీసి, చుక్క వెడల్పు కొలుస్తుంది. మోటారును కొన్ని అడుగులు జరిపి మళ్లీ కొలుస్తుంది. ఫోకస్ దగ్గరపడేకొద్దీ చుక్క చిక్కుతుంది, దాటగానే ఉబ్బుతుంది. గ్రాఫు గీస్తే ‘వీ’ అక్షరం వస్తుంది. ఆ ‘వీ’ కింది మొన దగ్గర గాలి కదలికల వల్ల కొలతలు నిలకడగా ఉండవు. అందుకని రెండు పక్కల వాలు గీతలను పొడిగించి, అవి కలిసే చోటును లెక్కగడతారు. అక్కడికి ఎప్పుడూ ఒకే వైపు నుంచి చేరుకుంటే పళ్ల మధ్య ఖాళీ బెడద ఉండదు. ఉష్ణోగ్రత సెన్సర్ కూడా ఉంటే, చలి పెరిగినకొద్దీ ఎన్ని అడుగులు జరపాలో మోటారుకు ముందే చెప్పిపెట్టవచ్చు.

వేలు అందని చోట ఇదే దిక్కు. 1990లో కక్ష్యకు చేరిన హబుల్ టెలిస్కోప్ చట్రంలోని తేమ అంతరిక్షంలో మెల్లగా ఆరి, చట్రం కుంచించుకుపోతూ వచ్చింది. అప్పుడప్పుడు భూమి నుంచి ఆదేశమిచ్చి దాని చిన్న అద్దాన్ని కొన్ని మైక్రాన్లు జరుపుతూ ఫోకస్ నిలబెట్టారు.

అయితే పెరట్లో వాడే స్టెప్పర్ మోటారు తనకు అందిన ఆదేశాలనే లెక్కపెడుతుంది, గొట్టం నిజంగా కదిలిందా అని చూడదు. బరువైన కెమెరా తగిలించి టెలిస్కోప్‌ను ఆకాశం నడినెత్తికి తిప్పితే, రాపిడి మీద నడిచే ఫోకసర్ జారవచ్చు. అప్పుడు తెర మీద అంకె సరిగ్గానే కనబడుతుంది, ఫొటోలో మాత్రం చుక్కలు ఉబ్బి ఉంటాయి. కాబట్టి మోటారు కొనేముందు ఫోకసర్ పట్టు బిగువుగా ఉందో లేదో చూసుకోవాలి.