కంప్యూటరు - అక్షరాస్యత - వ్రాత

అక్షరాస్యులనగా ఎవరు? ఈ ప్రశ్నకు మన జనాభా లెక్కలవారు స్పష్టమైన సమాధానమే ఇచ్చారు. ఏడు సంవత్సరాల వయస్సు నిండి, ఏదేని ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, వ్రాయగలిగినవారే అక్షరాస్యులు. చదవటం వచ్చి వ్రాయటం రానివారు ఆ లెక్కలోనికి రారు. ఈ నిర్వచనం ప్రకారమే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 2001లో 60.47 శాతమనీ, 2011లో సుమారు 67 శాతమనీ తేలింది. నిర్వచనంలోని ఆ రెండవ మాటను, అనగా ‘వ్రాయగలిగి’ అన్నదానిని, మనం ఎంతవరకు పట్టించుకున్నామన్నదే నేనిక్కడ పరిశీలించదలచిన విషయం.

మా నానీ రేపల్లెలో ఉండేవారు. ఖురాన్ షరీఫ్ ధారాళంగా పఠించేవారు. ఉర్దూ పత్రిక పొల్లుపోకుండా చదివేవారు. కలం పట్టటం మాత్రం ఎరుగరు. ఆ తరం ఇళ్లలో ఆడపిల్లలకు చదువు నేర్పి వ్రాత నేర్పకపోవటం వింత కాదు. కువైట్ నుంచి మా మామూ ఉత్తరం వస్తే తానే చదువుకునేవారు. జవాబు వ్రాయటానికి మాత్రం పొరుగింటి కుర్రవాని కోసం ఎదురుచూసేవారు. కొడుకుతో చెప్పదలచిన మాటను పరాయి పిల్లవాని ద్వారా చెప్పించటంలో ఎన్ని మాటలు గొంతులోనే నిలిచిపోయేవో! కొంతకాలానికి ఆ వ్రాసే పని నా మీద పడింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

వయోజనులకు చదువు నేర్పే పనిలో కంప్యూటరును వినియోగించిన గణనీయమైన ప్రయత్నాలలో ఒకటి తెలుగునేల మీదనే జరిగింది. 2000 సంవత్సరంలో మెదక్ జిల్లా బీరంగూడలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ దానిని ప్రారంభించింది. అందుకు ప్రేరకులు ఆ సంస్థ తొలి సారథి ఫకీర్ చంద్ కోహ్లీ (1924-2020). జాతీయ సాక్షరతా మిషన్ వాచకాలను ఆధారం చేసుకొని, అక్షరమాలతో మొదలుపెట్టక, నిత్యజీవితంలో వినబడే మాటలనే తెరమీద బొమ్మలతోను, ధ్వనితోను చూపి, మాట నుంచి అక్షరానికి నడిపించటం ఆ పద్ధతి. పాతబడిన యంత్రాల మీద కూడా పనిచేసేటట్లు దానిని రూపొందించారు. సుమారు 40 గంటల శిక్షణతో సామాన్య వాచకం చదవగలిగే స్థితి రావాలని సంకల్పం. ఇంత స్వల్పకాలంలో ఫలితం ఆశించగలగటానికి ఒక కారణం వ్రాతను ప్రధాన లక్ష్యంగా పెట్టుకోకపోవటమే. పగలంతా కష్టపడి వచ్చిన పెద్దల చేతికి బలపమిచ్చి దిద్దిస్తే విసిగి మానివేస్తారన్న వాదంలో నిజం లేకపోలేదు. బస్సు బోర్డు, రేషను కార్డు చదవగలగటం చిన్న విషయమని నేననను. అయినా, వారందరూ వచ్చి చేరింది మా నానీ ఆగిపోయిన గడప దగ్గరికే.

ఆ గడప దాటకపోతే ఏమవుతుందో నిరుడు కళ్లారా చూశాను. రేపల్లె నుంచి పాసింజరు రైలులో తెనాలి వచ్చి చదువుకునే ఒక విద్యార్థికి తండ్రి మరణించారు. తల్లి పింఛను కోసం ఒక కార్యాలయంలో అర్జీ ఇవ్వవలసివచ్చింది. ఆమె చదవగలరు, సెల్‌ఫోనులో వచ్చే సందేశాలన్నీ చదువుకుంటారు. కార్యాలయం ఎదుట చెట్టు క్రింద అర్జీలు వ్రాసే పెద్దమనిషికి డబ్బిచ్చి వ్రాయించుకున్నారు. అందులో భర్త పేరున్నది, మరణించిన తేదీ ఉన్నది, ‘తమరి దయ’ రెండుసార్లు ఉన్నది. ఏమి కావాలో అడిగే వాక్యమే లేదు. ఏదో తక్కువైందని ఆమెకు తోచిందట గాని, దిద్దటం ఎట్లాగో తెలియలేదు. అర్జీ తిరిగివచ్చింది. మూడు నెలలు గడిచిపోయాయి. “నువ్వే ఎందుకు వ్రాయలేదు?” అని కొడుకును అడిగాను. “రాదు సార్, ఫోనులో అయితే ఏదో కొడతాను” అన్నాడు. అతడు డిగ్రీ రెండవ సంవత్సరం. తెలుగులో మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కులు వేసింది నేనే.

వ్యాసరచన గురించిన తగవు మనకు క్రొత్తది కాదు. 1914లో గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఆ తగవులో నుంచి పుట్టినదే. ఏ భాషలో వ్రాయాలన్నది నాటి ప్రశ్న. అది ఎప్పుడో తేలిపోయింది. ఎట్లా వ్రాయించాలన్నది మాత్రం మిగిలిపోయింది. నోట్సు కంఠస్థం చేయించి, పరీక్షలో దింపించి, దానినే రచన అంటున్నాము.

ఇక ‘ఫోనులో కొట్టటం’ సంగతి. మన పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు; యంత్రం నాలుగు రూపాలు చూపుతుంది; మొదటిదానిని వ్రేలితో తాకుతారు. ‘అర్థం’ కావలసినచోట ‘అర్ధం’ వచ్చినా, భావానికి బదులు సగం వచ్చిందని గమనించేవారు అరుదు. నిజానికి తెలుగు అక్షరాలతోనే నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక ఉన్నది. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ దానిని భారతీయ లిపులకు ప్రామాణికం చేసింది. ఎడమచేతి వైపు అచ్చులు, కుడిచేతి వైపు హల్లులు. 1991లో వెలువడిన యూనికోడ్ విధానం తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అందులో ఒత్తులకు వేరే స్థానాలు లేవు. ‘స్త్రీ’ అన్న మాట తీసుకోండి. చేతితో అయితే ‘సీ’ వ్రాసి, తరువాత దానికి ఒత్తులు తగిలిస్తాము. యంత్రంలో స, పొల్లు, త, పొల్లు, ర, ఆ తరువాత గుడిదీర్ఘం - ఇవి ఆరు మీటలు. నోరు పలికే వరుస కూడా అదే. సంయుక్తాక్షరం ఎట్లా ఏర్పడుతుందో నల్లబల్ల మీద గంటసేపు చెప్పినా బోధపడనిది ఈ ఆరు మీటలతో బోధపడటం నేను చూశాను.

ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన మన విద్యార్థులకు ఇక్కడ ఒక సౌలభ్యం, ఒక చిక్కు కూడా ఉన్నాయి. పల్ అంటే క్షణం, ఫల్ అంటే పండు. కనుక ఒత్తక్షరాలను చెవితో పట్టటంలో వీరు తరచు తెలుగిళ్ల పిల్లలను మించుతారు. ఉర్దూ లిపిలో ణ, ళ లు లేవు కాబట్టి ‘కళ’ వీరి చేతిలో ‘కల’ అవుతుంది. కళాశాల పేరు తప్పు వ్రాసిన దరఖాస్తులు ఏటా నా బల్లమీదికి వస్తూనే ఉంటాయి!

అయితే కంప్యూటరు వలన నాకు కనిపించిన పెద్ద ప్రయోజనం అక్షరాలలో లేదు, తిరగవ్రాతలో ఉన్నది. కాగితం మీద కొట్టివేతను మనవాళ్లు అవమానంగా భావిస్తారు. ఎం.ఏ. పూర్తయ్యేవరకు నన్ను కూడా ఎవ్వరూ ‘మళ్లీ వ్రాయి’ అనలేదు. తెరమీద వాక్యాన్ని ఎత్తి మరొకచోట పెట్టినా మచ్చ మిగలదు. పైన చెప్పిన అర్జీనే పాఠంగా తీసుకొని పన్నెండుమంది విద్యార్థులను లాబొరేటరీలో కూర్చోబెట్టాను. బాపట్ల నుంచి వచ్చే ఒక అమ్మాయి చిట్టచివరన ఉన్న కోరికను ఎత్తి మొదటి వాక్యంగా పెట్టింది. మిగిలినవారు తమ తెరలు వదిలి వచ్చి చూశారు. ‘తమరి దయ’ ఎవరూ చెప్పకుండానే ఒకటికి తగ్గింది.

ఇప్పుడు మాట చెబితే అర్జీ అంతా వ్రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. చెట్టు క్రింది పెద్దమనిషి కంటే తప్పులు తక్కువ చేయవచ్చు, డబ్బు అడగకపోవచ్చు. కాని అది వ్రాసినదానిలో తక్కువైనదేమిటో పట్టుకొని దిద్దగలవారికే అది ఉపయోగం. లేనివారికి అది కూడా పొరుగింటి కుర్రవాడే. అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం: వారానికి రెండు గంటలు లాబొరేటరీని తెలుగు, ఉర్దూ శాఖలకు కేటాయించండి. మీటల మీద అంటించే తెలుగు అక్షరాల పట్టీలకు పెద్ద ఖర్చు కాదు.

ఆ విద్యార్థి నాలుగుసార్లు తిరగవ్రాశాడు. నాలుగవ ప్రతిని ఇంటికి తీసుకువెళ్లి చదివి వినిపిస్తే, ‘నా భర్త కాలధర్మం చెందినారు’ అన్నచోట తల్లి ఆపించి, ‘నా భర్త చనిపోయి పదకొండు నెలలైనది’ అని మార్పించారట. పింఛను ఇంకా మంజూరు కాలేదు. అర్జీ మాత్రం ఈసారి తిరిగిరాలేదు.