అర మార్కు ఎలా పోయింది?

పిల్లలూ! వంటింట్లో డబ్బా మీది చీటీ చూసి లోపలేముందో చెబుతాం కదా! కంప్యూటరు ప్రోగ్రాములో సంఖ్యను దాచే చలరాశి కూడా అలాంటి డబ్బాయే. దాని పేరే చీటీ.

1957లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన ఫోర్‌ట్రాన్ భాషలో పేరుకు 6 అక్షరాలు మించరాదు. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాలలో 'ఐ' నుండి 'ఎన్' వరకు గల దేనితో మొదలైనా, అందులో పూర్ణాంకమే నిలుస్తుంది. తక్కిన అక్షరాలతో మొదలైతే దశాంశాలూ నిలుస్తాయి.

సగటు మార్కులకు 'మీన్' అని పేరు పెట్టారనుకోండి. మొదటి అక్షరం 'ఎం'. కనుక 67.5 కాస్తా 67 అవుతుంది. అర మార్కు మాయం! యంత్రం తప్పని కూడా చెప్పదు. అందుకే ప్రోగ్రాము రాసేవారు ముందొక 'ఎక్స్' చేర్చి 'ఎక్స్‌మీన్' అనేవారు.

తరువాత వచ్చిన ఫోర్‌ట్రాన్‌లో సంఖ్య రకాన్ని ముందే ప్రకటించవచ్చు. అయినా, చూడగానే అర్థమయ్యే పేరే పెట్టండి.