రంగు మారే కాగితం ముక్క

వేడి తగిలితే గుడ్డు తెల్లసొన గడ్డకడుతుంది. వంటింట్లో అందరూ చూసే ఈ సంగతితోనే లండన్‌ గైస్ ఆస్పత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ కిడ్నీ జబ్బును పట్టుకున్నాడు. ఒళ్లంతా నీరు పట్టి వచ్చినవాళ్ల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద కాచేవాడు. తెల్లగా విరిగిందంటే అందులో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఉన్నట్టే. ఆ రోగులు చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు చెడిపోయి ఉండేవి. ఈ రెంటికీ ఉన్న ముడిని 1827లో అచ్చులో చెప్పాడు. అయితే చెంచా చెప్పేసరికే రోగి కాళ్లు వాచి ఉండేవి. అదే బాధ.

ఈ కాచే పనిని మాన్పించింది ఒక లోపం. ద్రవంలో ఆమ్లం ఎంతుందో రంగులతో కొలిచేటప్పుడు ప్రొటీన్ ఉంటే లెక్క తప్పుతోందని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ గమనించాడు. కొలిచేవాళ్లకు అది తలనొప్పి. అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఎల్క్‌హార్ట్‌లో, మైల్స్ లేబొరేటరీస్‌లో పనిచేసిన హెలెన్ ఫ్రీ, ఆల్ఫ్రెడ్ ఫ్రీ దంపతులకు పరీక్ష రసాయనాలను కాగితంలో ఇంకించడమే పని. 1956లో మూత్రంలో చక్కెరను చూపే క్లినిస్టిక్స్ వచ్చింది. మరుసటి ఏడాది ఆ లోపాన్నే వాడుకుని ప్రొటీన్ కోసం ఆల్బుస్టిక్స్. కాగితంలో టెట్రాబ్రోమోఫినాల్ బ్లూ అనే రంగు, దాన్ని ఆమ్లంలోనే నిలిపి ఉంచే సిట్రేట్ ఉంటాయి. మామూలుగా పసుపు. ఆల్బుమిన్ వచ్చి అతుక్కుంటే, ఆమ్లం మారకపోయినా, ఆకుపచ్చకు తిరుగుతుంది. నిమిషం పట్టదు, మంట అక్కర్లేదు. ఇంత పొదుపైన పరీక్ష వైద్యంలో అరుదని నా నమ్మకం.

ఇలాంటి పరీక్ష అవసరం ఎందుకంటే కిడ్నీ నొప్పి చెప్పదు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల జల్లెళ్లు. కొన్ని పోతే మిగిలినవి ఆ బరువు మోస్తాయి, మనిషికి ఏమీ తెలియదు. మూత్రంలో ఎంతకీ తగ్గని నురగ, రాత్రుళ్లు పదేపదే లేవడం, సాయంత్రానికి చీలమండల వాపు, అదుపుకు రాని బీపీ కనబడితే ఆలస్యం చెయ్యొద్దు. షుగరో బీపీయో ఉన్నవాళ్లు ఈ లక్షణాల కోసం కాచుకుని కూర్చోకూడదు. జ్వరంలోనూ కాగితం ఆకుపచ్చగా మారవచ్చు. కాబట్టి మళ్లీ చూసుకోవాలి. తేడా మూడు నెలలు నిలిస్తేనే దీర్ఘకాలిక జబ్బు అంటారు. మరీ తక్కువగా కారే ఆల్బుమిన్ ఈ కాగితానికి అందదు. షుగర్ ఉన్నవాళ్లకు ల్యాబ్‌లో ఆల్బుమిన్‌ను క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థంతో పోల్చి చూసేది అందుకే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ కాగితం మరీ ఎక్కువ మోసం చేస్తుంది. జీడితోటలు, కొబ్బరితోటల మధ్య అక్కడివాళ్లను తినేస్తున్న జబ్బు ఎక్కువగా జల్లెళ్లను కాక, వాటి కింది సన్న గొట్టాలను, చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది. ప్రొటీన్ పెద్దగా కారదు. కిడ్నీ ఎండిపోతూ ఉన్నా కాగితం పసుపుగానే ఉండొచ్చు. అక్కడ రక్తం తీసి క్రియాటినిన్ చూడవలసిందే. ఆ పరీక్షకూ మూలం ఒక రంగే. క్రియాటినిన్‌కు క్షారంలో పిక్రిక్ ఆమ్లం తగిలితే నారింజ ఎరుపు వస్తుందని 1886లో మాక్స్ యాఫే చూశాడు. కానీ క్రియాటినిన్ అంకె కూడా చాలామందిలో సగం శక్తి పోయాక గానీ స్పష్టంగా పైకి లేవదు. అందుకే ఉద్దానం రైతును ఒక్కసారి చూసి బాగుందని పంపితే చాలదు, మళ్లీ పిలిచి చూడాలి.